తొమ్మిది రోజుల వంతు

"బావా, అత్త మంచం ఈ గోడకాడికెంచి జరుపుండ్రి."

గంగమణి ఈ మాట అనడం ఇది మూడోసారి. గంగారాం గ్యాసు పొయ్యి ముందు నిలబడి పప్పు కలుపుతున్నాడు. వెనక్కి తిరగలేదు.

తెల్లవారేసరికి ఆ గది గోడ నుంచి చాటంత మట్టి పెళ్ల ఊడి ఎంకవ్వ మంచం మీద, కాళ్ల వైపున పడింది. ముసలామె కాళ్లు ముడుచుకుని పడుకునే మనిషి కాబట్టి సరిపోయింది. చాపుకుని పడుకుని ఉంటే? పొద్దుటి నుంచి గంగమణి ఆలోచన ఆ ఒక్క ప్రశ్న దాటి ముందుకు పోవడం లేదు.

"యాడికి జరపాలె?" అన్నాడు గంగారాం. "ఉన్నదే ఇంత అర్ర. ఆ దిక్కు బియ్యం డ్రమ్ములు, ఈ దిక్కు మంచం."

"మా ఇంట్లకు తీస్కపోత. ముందటర్రల ఏస్త. ఫ్యాను ఉన్నది."

పప్పులో గరిటె ఆగింది.

"నా వంతు ఇంకా తొమ్మిది రోజులున్నది."

ఈ మాట వస్తుందని గంగమణికి తెలుసు. మామ చనిపోయిన ఏడాది పెద్దమనుషులు కూర్చుని తేల్చిన పద్ధతి అది. అమావాస్య నుంచి అమావాస్య దాకా పెద్దకొడుకు దగ్గర, మళ్లీ అమావాస్య దాకా చిన్నకొడుకు దగ్గర. పద్నాలుగేళ్లుగా ఒక్క పూట అటూ ఇటూ కాలేదు. ఆమె మొగుడు భీమేష్ దుబాయిలో ఉన్న పదకొండేళ్లూ చిన్నకొడుకు వంతు గంగమణే మోసింది.

"మీ అక్క, బిడ్డ కాన్పుకని నాగిరెడ్డిపేటకు పోయి పన్నెండు రోజులాయె. నేనే వండి పెడుతున్న మా అవ్వకు. ఇయ్యాల నువ్వు తీస్కపోతే గల్లీల ఏమంటరు? పెండ్లాం ఇంట్ల లేకుంటె గంగారాంకు తల్లికి బువ్వ పెట్ట చాతకాలే అంటరు."

"గోడ పడితె ఏమంటరు బావా?"

గంగారాం ఇప్పుడు తిరిగాడు. కోపంగా ఏమీ లేదు అతని ముఖం. నిద్రలేని ముఖం.

"గోడ ఎందుకు పడుతున్నదో పోయి నీ మొగన్ని అడుగు. మా బాపు కాళ్లతోని తొక్కిన మట్టి అది. నలభై ఏండ్లసంది ఎన్ని వానలు చూడలే? నీ మొగడు దుబాయి గడ్డి తెచ్చి ఇంటెనక పరిచినంకనే దీనికి నీళ్లు పట్టినయి. తప్పయింది అన్నా, నా పని తప్పయింది అని ఒక్క మాట అనమను. నేనే అవ్వను ఎత్తుకొచ్చి మీ ఇంట్ల కూసోబెడత."

మంచం మీద ఎంకవ్వ చింతపండులో గింజలు తీస్తూ కూర్చుంది. మాటలన్నీ తనవి కానట్టు, గింజ ఒక దిక్కు, పండు ఒక దిక్కు వేస్తోంది. ఆమె వీపు వెనక గోడ మీద తడి మంచం ఎత్తు దాటి పైకి పాకింది. గంగమణి నాలుగు రోజులుగా పొద్దున్నే వచ్చి తడి ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడ బొగ్గుతో గీత పెడుతోంది. నాలుగు గీతలు. మొదటి గీతకీ నాలుగో గీతకీ మధ్య జానెడు పైమాట.

ఆమె బయటికి వచ్చేసింది.

*

రెండు ఇళ్లకూ ఆ గోడ ఒక్కటే. గోడకు అవతల గంగారాం గది, ఇవతల భీమేష్ పెరడు. ఇరవై రోజుల కిందటి దాకా ఆ పెరట్లో తోటకూర మడి, పాత బర్రెల కొట్టం ఉండేవి. ఇప్పుడు అక్కడ ఈ మూల నుంచి ఆ మూల దాకా పచ్చటి ప్లాస్టిక్ గడ్డి. తెల్లటి గీతలు. రెండు దిక్కులా గోలు పోస్టులు. మూడు పక్కల వల.

గడ్డి మీద నీళ్లు నిలిచి ఆకాశం కనిపిస్తోంది. భీమేష్ పంచె ఎగగట్టి, పెద్ద బ్రష్షుతో నీళ్లను గేటు వైపు నెడుతున్నాడు. నెట్టిన నీళ్లు కాసేపు అటు పోయినట్టే పోయి, మళ్లీ నెమ్మదిగా గోడ వైపే వచ్చి చేరుతున్నాయి.

"పెళ్ల ఊడింది," అంది గంగమణి.

"ఇన్న."

"చాటంత."

"ఇన్న అన్న గదనే."

కూతురు సాయిలత వెనక గుమ్మం మెట్ల మీద బంతి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కామారెడ్డిలో ఇంటర్ రెండో సంవత్సరం. వానలకు కాలేజీ బందు పెడితే వచ్చింది. వచ్చే ఆదివారం కామారెడ్డిలో జిల్లా ఫుట్‌బాల్ జట్టుకు ఆడపిల్లల్ని ఎంపిక చేస్తారు. ఎడమ మోకాలి మీద పోయిన చలికాలం కంకర గ్రౌండులో పడ్డ మచ్చ ఇంకా నల్లగా ఉంది.

ఆ మచ్చ నుంచే ఇదంతా మొదలైంది. పిల్ల ఎనిమిది వారాలు కుంటుతుంటే, ఇక బయటి గ్రౌండుకు పంపనంటే పంపనని గంగమణి పట్టుబట్టింది. ఈసారి పడితే కాలే పోతుంది, కాలు పోతే బతుకే పోతుంది అని ఏడ్చింది. అప్పుడే దుబాయి నుంచి తిరిగొచ్చిన భీమేష్, గ్రౌండే ఇంటికి తెస్త, పిల్ల నీ కండ్ల ముందటనే ఆడుకుంటది అన్నాడు. ఆ మాటకు గంగమణి ఎంత సంతోషపడిందో చెప్పలేం. ఈ గడ్డి ఇక్కడికి రావడానికి తన భయమే కారణమని ఆమె ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు.

"నీళ్లు పోయే మోరి తెరువు," అంది.

"మోరి గడ్డి కింద ఉన్నది."

"గడ్డి కొయ్యి."

భీమేష్ బ్రష్షు ఆపాడు. "కోస్తె గోలుపోస్టు ముందటిదంత పోతది. ఒక్కటే చుట్ట అది, అతుకు లేదు. రెండు దినాలు ఎండ కొట్టనియ్యి, ఆరుతది. దుబాయిల పొద్దుగాల నీళ్లు కొడితె పది కొట్టేసరికి ఎండుతుండె."

"గది దుబాయి. గీడ పోచారం చెరువు అలుగు దుంకబట్టి నాలుగు దినాలాయె."

"నాకు చెప్పకు."

"కింద ప్లాస్టిక్ కవరు పరవొద్దంట." గంగమణి గొంతు చిన్నదైంది, కానీ ఆగలేదు. "మొరం మీద కంకర పోసి, కంకర మీద డస్టు పోసి తొక్కియ్యాల్నంట. గోడ దిక్కు ఎత్తు, వాకిలి దిక్కు వాలు ఉండాల్నంట. నీళ్లు గడ్డిల్నుంచి కిందికి దిగి, పైపులకెల్లి బయటికి పోవాల్నంట. కవరు పరిస్తె నీళ్లు దిగయంట. యాడ పల్లముంటె ఆడికే పోతయంట."

"ఎవరు చెప్పిండ్రు?"

ఆమె గడ్డి మీద నిలిచిన నీళ్ల వైపు చూసింది.

"ఎవరు చెప్పిండ్రే?"

"కామారెడ్డికి పోయినప్పుడు అడిగిన."

మొన్న ఎంకవ్వకు బీపీ గోలీలు తెస్తానని బస్సెక్కి పోయింది. గోలీలు తెచ్చింది, నిజమే. కానీ బస్టాండు దిగాక ఆటో మాట్లాడుకుని, పిల్లలు వలల్లో క్రికెట్ ఆడే చోటికి పోయి, అక్కడ గడ్డికి బ్రష్షు కొడుతున్న మనిషిని పట్టుకుంది. అతను మొదట నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూసి నవ్వు ఆపి, ఒక మూల గడ్డి ఎత్తి కింద ఏముంటుందో చూపించాడు. తడిసిన కంకర, దాని కింద తూట్ల పైపు. ఆమె వంగి వేలితో తడిమి చూసి వచ్చింది.

"నా పని మంచిదో కాదో ఇంకొకన్ని అడిగొచ్చినవు," అన్నాడు భీమేష్.

"నీ పని గురించి గాదు. నీళ్ల గురించి అడిగిన."

"పదకొండేండ్లు చేసిన నేను ఈ పని. షేకుల ఇండ్లల్ల చేసిన. వాండ్ల పిల్లలు ఆడుతుంటె ఎండల నిలబడి చూసిన. నా బిడ్డకు నా చేతితోని ఒక్కటి చేసుకుంటె, దానికి వంక చూపియ్యనీకి బస్సెక్కి పోయినవు."

"గోడ..."

"నువ్వు దేనికి భయపడలే చెప్పు. నేను ప్లేనెక్కితె పడుతది అన్నవు. పడ్డదా? గ్యాసు బండ పేలుతది అని ఆర్నెల్లు కట్టెల పొయ్యి మీద వండినవు. పేలిందా? పిల్ల ఒక్క దినం ఫోను ఎత్తకుంటె వార్డెన్ మేడంకు పదిసార్లు ఫోను కొట్టినవు. ఏమాయె? చార్జింగు అయిపోయింది. ఒక్కటన్న అయిందా నువ్వన్నది?"

కాలేదు. గంగమణి లోపలే లెక్క వేసుకుంది. ఇన్నేళ్లలో ఆమె భయపడ్డవాటిలో ఒక్కటీ జరగలేదు. ఏదీ జరగనందుకు ప్రతిసారీ దేవుడికి దండం పెట్టుకుంది. ఆ దండాలన్నీ కలిసి ఈరోజు ఆమె మాటకు ఇంట్లో విలువ లేకుండా చేశాయి.

వల మీద నుంచి చుక్కలు గడ్డిలోకి రాలుతున్నాయి.

*

మెట్ల మీద నుంచి సాయిలత అడిగింది.

"బాపు, దుబాయిల వాలు ఎవరు పెడుతుండె?"

"ఏంది?"

"నీళ్లు పోనీకి వాలు. నువ్వు పెడుతుంటివా?"

పిల్ల ఎత్తిపొడుపుగా అడగలేదు. తెలుసుకోవాలని అడిగింది. అందుకే భీమేష్‌కు కోపం తెచ్చుకోవడానికి దారి దొరకలేదు. బ్రష్షు కర్ర మీద గడ్డం ఆనించి కాసేపు నీళ్ల వైపు చూశాడు.

"మిషన్ పట్టుకొని ఒకాయన వస్తుండె. కేరళ ఆయన. లెవలు ఆయన చూస్తుండె."

"మల్ల కంకర?"

"గది వేరే గ్యాంగు. మేము పోయేసరికి కింద అంత తయారుంటుండె. మేము చుట్టలు పరిచి అతికిస్తుంటిమి."

"నువ్వు అతికిస్తుంటివా?"

చెప్పేటప్పుడు అతను కూతురి వైపు చూడలేదు.

"అతుకులు ఆఖరి రెండేండ్లు నేర్చుకున్న. అంతకుముందు ఇసుక. అతికిచ్చినంక గడ్డిల ఇసుక పోసి బ్రష్షు కొట్టాలె, గడ్డి నిలబడనీకి. ఇగో, దీనితోని. తొమ్మిదేండ్లు గదే చేసిన."

పదకొండేళ్లు గంగమణి ఫోనులో విన్నది వేరు. గ్రౌండు చేస్తున్న, ఇయ్యాల ఒక గ్రౌండు అయిపోయింది, రేపు ఇంకొకటి పట్టుకుంటం. ఆమె అదే మాట గల్లీలో అందరికీ చెప్పింది. మా ఆయన గ్రౌండ్లు కడతడు అని.

"కింద ఏమున్నదో నేను ఎన్నడు చూడలే బిడ్డా," అన్నాడు భీమేష్. "కింద పిచ్చి గడ్డి పెరగొద్దని కవరు పరిచిన. ఆడ నల్లగ ఒక బట్ట పరుస్తుండిరి, గదే అనుకున్న. పల్లమంత మొరం పోసి సాపు చేసిన. గ్రౌండంటె సాపుగనే ఉండాలె అనుకున్న."

అంత మాట అతని నోటి నుంచి రావడం గంగమణి పెళ్లయిన ఇన్నేళ్లలో వినలేదు. దగ్గరికి పోవాలనిపించింది. పోతే ఏడుస్తాడేమోనని భయపడి పోలేదు.

భీమేష్ బ్రష్షు గోడకు ఆనించి, గుమ్మం పక్క రేకుల పందిరి కిందికి పోయాడు. చుట్టలు కోసిన వంకర కత్తి తెచ్చాడు. గోడ పక్కన నీళ్లలో గొంతుక్కూర్చుని, మోరి ఎక్కడ ఉండేదో చేత్తో తడుముతూ కత్తి మొన ఆనించాడు.

"కొయ్యి, కొయ్యి."

గోడ చివర ఎత్తు తక్కువ ఉన్న చోట గంగారాం తల కనిపించింది. ఎప్పటి నుంచి నిలబడ్డాడో, ఎంత విన్నాడో తెలియదు.

"ఇరవై దినాల కింద ఊరందర్ని పిలిచి చూపిచ్చినవు గద. మల్ల పిలువు. ఇసుక పోసెటోని మేస్త్రీతనం సుత చూస్తరు."

"బావా, జర ఊకోండ్రి," అంది గంగమణి. "కోస్తున్నడు గద. మీకు కావల్సింది గదే గద."

"నాకు కావల్సింది అది గాదు. నా పని తప్పయింది అనుమను. చాటుకు బిడ్డకు చెప్పుడు గాదు, నా మొకం చూసి అనుమను."

భీమేష్ లేచి నిలబడ్డాడు. మోకాళ్ల దాకా తడి. ఒక నిమిషం అన్న ముఖం చూశాడు. అంటాడేమో అనుకుంది గంగమణి. అంటే అయిపోతుంది, ఈ గండం గట్టెక్కుతుంది అనుకుంది.

"నీ గోడ పాతదన్నా," అన్నాడు భీమేష్. "నా గడ్డి లేకున్నా పడేదే."

కత్తిని గడ్డి మీద పడేసి రేకుల కిందికి పోయి కూర్చున్నాడు. గంగారాం తల గోడ వెనక్కి దిగిపోయింది.

*

మధ్యాహ్నం గంగారాం పాల కేంద్రానికి పోయిన సమయం చూసి గంగమణి మళ్లీ ఆ గదిలోకి పోయింది. ఈసారి ఎవరినీ అడగదలచుకోలేదు. ముసలామె చెయ్యి పట్టుకుంది.

"లే అత్తా. పోదాం."

"అమాస అయిందా?"

"కాలే."

"మల్లేంది?"

"గోడ చూడు. నీ ఈపు వెనక చూడు ఒకసారి."

ఎంకవ్వ చూడలేదు. కోడలి చేతిని తన చేతి మీద నుంచి తీసి, తిరిగి కోడలి ఒళ్లోనే పెట్టింది.

"కూసో."

గంగమణి కూర్చుంది.

"పద్నాలుగేండ్లసంది నా బువ్వకు తకరారు రాలే. ఎందుకో ఎరికేనా? నా కొడుకులు మంచోండ్లని అంటరు అందరు. ఉన్నరు, మంచోండ్లే. కాని గందుకు గాదు. అమాస అమాసకు అని ఒక కట్టు ఉన్నది గనుక."

"ఒక్కసారికి ఏమైతది అత్తా? తొమ్మిది దినాలే గద."

"సాలవ్వకు సుత ఒక్కసారే తప్పింది."

సాలవ్వ ఇల్లు ఆ గల్లీ చివరే. ఒక పండుగకు పెద్దకొడుకు ఊరికి పోతూ తల్లిని నాలుగు రోజుల ముందే తమ్ముడింట్లో దించిపోయాడు. ఆ నాలుగు రోజులు ఎవరివని నెల తర్వాత గొడవ మొదలైంది.

"నీ దినమంటె నీ దినం అనుకున్నరు," అంది ఎంకవ్వ. "రెండు తలుపులు పెట్టుకున్నరు. పొద్దంత రెండిండ్ల నడుమ సంచి పట్టుకొని కూసున్నది. నేనే పోయి చాయ పోసిన. తాగలే. ఎవరన్న చూస్తె కొడుకుల ఇజ్జత్ పోతదని, ఈడ గాలి మంచిగున్నదక్కా, గందుకే కూసున్న అన్నది నాతోని."

గంగమణి తల వంచుకుంది.

"గోడ పడితె ఒక్కసారి పడుతది. సాలవ్వది దినాం పడుడు. నాకు గోడనే నయం."

"అట్ల అనకు అత్తా."

"నువ్వు మంచిదానివి. నీ మొగడు లేని నాడు సుత నా వంతు తప్పియ్యలే. గందుకే చెప్తున్న. నన్ను లేపకు. నేను లేస్తె వాండ్లిద్దరు ఇగ ఎన్నడు ఒకరి మొకం ఒకరు చూడరు. నువ్వు తీస్కపోయినవని వాడు, నువ్వు రానిచ్చినవని వీడు."

ఎంకవ్వ మళ్లీ చింతపండు పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఆమె మాటల్లో దుఃఖం లేదు. ఎన్నడో ఆలోచించి పెట్టుకున్న మాటల్లా ఉన్నాయి.

గంగమణి లేచేటప్పుడు గోడకు చెయ్యి ఆనించింది. చెయ్యి ఆనినచోట గోడ మెత్తగా లోపలికి దిగింది. అరచెయ్యి తీసి చూసుకుంది. పిండి కలిపిన చేతికి అంటినట్టు మట్టి అంటింది.

*

మూడు దాటాక వాన మొదలైంది. మొదట చినుకులు, తర్వాత రేకుల మీద మాట వినిపించనంత గట్టిగా.

గంగమణి చాప, దుప్పటి చంకలో పెట్టుకుని వెనక గుమ్మం దిగింది.

"యాడికే?" రేకుల కింద నుంచి భీమేష్ అరిచినట్టే అడిగాడు.

"బావ ఇంటికి."

"ఎందుకు?"

"అత్త మంచం పక్కన పండుత."

అతనికి అర్థం కాలేదు. దగ్గరికి వచ్చాడు. "పాగల్ అయినావే? ఆ గోడ కిందనా?"

"నీ గడ్డి లేకున్నా పడేదేనంటివి గద. పడనియ్యి."

"నేనన్నది..."

"మోరి తెరువు. లేకుంటె మీ అన్నను పిలిచి ఒక్క మాట అను. రెండు నీ చేతులల్లనే ఉన్నయి. నా చేతుల ఏం లేదు. నా దగ్గర ఉన్నది నేనొక్కదాన్నే."

చాప వానలో తడవకుండా కొంగు కప్పి నడిచింది. వెనక నుంచి అతను ఆపుతాడని అనుకుంది. ఆపలేదు. ఆపడానికి ఏదో ఒకటి ఒప్పుకోవాలి కదా.

గంగారాం గుమ్మంలోనే అడ్డం నిలబడ్డాడు.

"ఇదేంది గంగమణి?"

"ఈడ ఉంట బావా ఇయ్యాల."

"అవ్వ వంతు..."

"వంతు అత్తది. నేను ఏ ఇంట్ల ఉండాల్నో పెద్దమనుషులు చెప్పలే."

"ఇంట్ల మీ అక్క లేదు. మర్దలు వచ్చి పండింది అంటె మంది ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనియ్యి బావా. ఇన్ని దినాలు మంది ఏమంటరో అనే గద మీరిద్దరు చూసిండ్రు. నేను సుత మీ లెక్కనే భయపడ్డ. ఇగ నాతోని అయితలేదు."

ఆమె అతని పక్క నుంచి లోపలికి పోయింది. మంచానికీ గోడకూ మధ్య ఉన్న కొద్దిపాటి జాగాలో చాప పరిచింది. కూర్చుని వీపు గోడకు ఆనించింది. చల్లదనం జాకెట్టు దాటి ఒంట్లోకి దిగింది. భయం ఆమెకు కొత్త కాదు. ఇన్నాళ్లూ అది వస్తుందేమోనని గుమ్మంలో నిలబడి ఎదురుచూసింది. ఈరోజు దాని పక్కనే వచ్చి కూర్చుంది.

"లేవే," అంది ఎంకవ్వ. చింతపండు చేతిలోనే ఉంది, గింజ తీయడం లేదు. "నీకు బిడ్డ ఉన్నది."

"నువ్వు లేస్తె లేస్త."

"నేను చెప్పిన గద ఇందాక."

"చెప్పినవు. ఇన్న. గందుకే వచ్చిన."

వాన హోరులో గుమ్మం దగ్గర తడి అడుగుల చప్పుడు. సాయిలత. జుట్టంతా ముఖానికి అంటుకుపోయింది. పెదనాన్న ముందు నుంచి వచ్చి తల్లి పక్కన చాప మీద కూలబడింది.

ఇది గంగమణి అనుకోలేదు. ప్రపంచంలో ఉన్న ప్రమాదాలన్నీ ముందే ఊహించి పెట్టుకునే మనిషి, ఇది ఒక్కటి ఊహించలేదు.

"నువ్వు పో," అంది. "ఇంటికి పో. మీ బాపు దగ్గర ఉండు."

"నువ్వు వస్తె పోత."

"సాయీ, నీ కాళ్లు పట్టుకుంట. ఆదివారం నీ సెలక్షను ఉన్నది. పో బిడ్డా."

"నేను ఆడాల్నని గద బాపు గా గడ్డి ఏసిండు. నేను ఆడొద్దని గద నువ్వు బయటికి పంపకపోతివి. ఇద్దరు నా పేరు మీదనే చేసిండ్రు. నాకు చోటు ఇంకెక్కడ ఉన్నది?"

గంగమణి కూతుర్ని భుజం పట్టి నెట్టింది. పిల్ల మంచం కోడును రెండు చేతులా పట్టుకుంది. బంతి తన్నే కాళ్లు, కదలలేదు. ఎంకవ్వ మనవరాలి తడి తల మీద చెయ్యి వేసి, కొడుకు వైపు చూసింది.

"గంగారాం," అంది. "పిల్లను బయటికి తీస్కపోరా."

"నువ్వు లేవే అవ్వా ముందు."

"నేను లేస్తె నీ వంతు..."

"వంతు గింతు పక్కకు పెట్టు."

ఆ మాట అతని నోటి నుంచి వచ్చింది గానీ, వచ్చిందని అతనికే నమ్మకం కలగనట్టు అక్కడే నిలబడ్డాడు. ఎంకవ్వ లేవలేదు. పెద్దకొడుకు ముఖంలోకి చూస్తూ, ఇది రేపు కూడా నిలబడే మాటేనా అని వెతుకుతున్నట్టు కూర్చుంది.

పైనుంచి గుప్పెడు మట్టి రాలి గంగమణి మెడ మీద పడింది. ఆమె కూతురి తలను ఒళ్లోకి లాక్కుని మీద వంగింది.

గంగారాం గది దాటి వానలోకి పరుగెత్తాడు. తక్కువ ఎత్తు గోడ దగ్గర అతని గొంతు వినిపించింది.

"భీమేషూ. అరే భీమేషూ. నీ బిడ్డ ఈడ గోడ కింద ఉన్నదిరా."

అవతలి నుంచి జవాబు లేదు.

గంగమణి వీపుతో వింటోంది. గోడ అవతల, చాలా దగ్గరలో, ఏదో చప్పుడైంది. బరువుగా, తడిగా, ఒకటి తర్వాత ఒకటి. అది మొగుడు గడ్డి కోసి మోరి మీది మట్టిని పారతో తోడుతున్న చప్పుడో, గోడే అడుగు నుంచి జారుతున్న చప్పుడో ఆమెకు తెలియలేదు.